నాలుగో బద్ద

మా ఇంట్లో ఒక సామెత ఉంది. పాలు విరిగినా, గడియారం ఆగిపోయినా, తలుపు గొళ్లెం ఊడినా ఎవరో ఒకరు అంటారు: "అల్లుడు ఇంజను విప్పినట్టుండాది." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. పోయిన ఎండాకాలం పన్నెండేళ్ల మా పిల్లవాడు సైకిలు చెయిను ఊడదీసి, మళ్లీ ఎక్కించలేక, నల్లటి చేతులు ముందుకు చాచుకొని వచ్చి తన మీద తనే ఆ మాట వేసుకున్నాడు. నేను నవ్వలేదు. నవ్వకపోవడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు కూడా.

ఆ అల్లుడు మా అక్క మొగుడు, నా బావ. పోయి రెండేళ్లయింది. ఆ సామెత అబద్ధం. అబద్ధమని తెలిసినవాణ్ణి పదిహేనేళ్లుగా నేనొక్కణ్ణే. అది ఎట్లా పుట్టిందో రాస్తాను.

మాది బళ్లారి బజారులో బట్టల అంగడి. అక్క కంటి ముందు లేకపోతే నాయనకు పొద్దు పోదు. అందుకని సిరుగుప్ప వైపు మా వాళ్లలోనే లేనివాళ్ల ఇంటి పిల్లవాణ్ణి చూసి ఇల్లరికం తెచ్చుకున్నాడు. కొడుకును నేనుండగా ఇల్లరికమేందని ఊళ్లో అన్నారట. బావ పొద్దున్నే నుదుట బొట్టు పెట్టుకొని, గజం కడ్డీ చేతబట్టి అంగట్లో కూర్చునేవాడు. చెయ్యి బట్ట మీద, చెవి రోడ్డు మీద. యుద్ధం రోజుల్లో కంటోన్మెంటులో మిలిటరీ బండ్లు బాగుచేసే షెడ్డులో పని నేర్చినవాడు మరి. ధోవతి కొలుస్తూ కొలుస్తూ చెయ్యి ఆపేవాడు.

"వినప్పా, ఆ పోయే లారీకి మూడో సిలిండరు కొట్టుకుంటాండాది."

"నాకు ధోవతి కొలువప్పా. సిలిండరు కట్టుకొని పెండ్లికి పోవల్లనా నేను?" అనేవాడు బేరానికి వచ్చిన రైతు.

ఇంటి ముందు వాకిట్లో, టార్పాలిను కింద, ఒక నల్లకారు ఉండేది. కంటోన్మెంటు విడిచిపోతున్న ఒక దొర దగ్గర నాయన కొన్నాడు. పెళ్లిళ్లకూ పేరంటాలకూ తప్ప కదిలేది కాదు. నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు. అంగట్లో నాయన పక్కన కూర్చున్నంత సేపూ నేను కొడుకునే. సాయంత్రం బావతో ఆ కారు చుట్టూ తిరిగినప్పుడే ఏదో ఒక పని నేర్చుకుంటున్న మనిషినని అనిపించేది.

ఆ ఏడు దసరా బట్టలకు యశ్వంతనగర్ నుంచి ఒక కంట్రాక్టరు వచ్చాడు. కొండల్లో ఇనుపరాయి తోలే లారీలు ఎనిమిది, వాటిని బాగుచేసే షెడ్డు ఒకటి ఉండేవి ఆయనకు. ఆయన జీపు అంగడి ముందు ఆగీ ఆగకముందే దాని జబ్బేమిటో బావ చెప్పాడు. ఆ మాట నిజమై ఉండాలి, ఆయన జీపులో కూర్చున్నవాడు దిగి నిలబడ్డాడు. కొంత కన్నడం, కొంత తెలుగు కలిపి మాట్లాడే మనిషి.

"మీ కారు రిపేరు నువ్వే నోడుకొంటావంట గదా. దానికేం తెగులు?"

"వాల్వు స్ప్రింగులు కుంగినాయి స్వామీ. ఎక్కుడు వస్తే ఆయాసపడతాది."

"సరి. దశమి మర్నాడు ఆ బండి కొండ మేలక్క, పైకి రావల్ల. యాడా నిలవకుండా నా షెడ్డు వాకిలి దాకా వస్తే షెడ్డు బీగంచెవి నీ చేతికిస్తా. పెంకుటిల్లు గూడా ఉండాది."

అక్కకు ఆ సాయంత్రమే తెలిసింది. తెల్లవారి చూస్తే పెళ్లినాటి ఇత్తడి బిందె అటక మీది నుంచి దింపి చింతపండుతో తోముతోంది. "ఎందుకే ఇప్పుడు?" అంది అమ్మ. "ఊరికే" అంది అక్క. ఆమెకు అప్పటికి పెళ్లయి ఆరేళ్లు. ఒక్కనాడైనా తన పొయ్యి తాను అంటించుకొని ఎరగదు.

నాయన కాదనలేదు. భోజనాల దగ్గర ఒక మాట మాత్రం అన్నాడు: "బండి ఎక్కితే పొండి. ఎక్కకుంటే ఇంజను మాట మళ్లా నా ఇంట్లో ఎత్తగూడదు." బావ తల ఊపి, మజ్జిగ పోయించుకున్నాడు.

స్ప్రింగులు మద్రాసు నుంచి రైలు పార్సిల్లో రావాలి. దుర్గాష్టమి పొద్దునకు గానీ రాలేదు. బావ కొత్త స్ప్రింగును, ఇంజనులోంచి తీసిన పాతదాన్ని అరుగు మీద పక్కపక్కన నిలబెట్టి చూపించాడు. పాతది బియ్యపుగింజంత పొట్టి. "కూచొని కూచొని కుంగిపోయినాయి, మన అంగట్లో గుమాస్తాల మాదిరి" అన్నాడు.

ఇంజను సంగతి తెలియనివారి కోసం ఇక్కడ కొంచెం చెప్పాలి. ఇంజనులోకి గాలి వచ్చే దారికీ పొగ పోయే దారికీ చిన్న ఉక్కు తలుపులుంటాయి. అవే వాల్వులు. మా కారుకు ఎనిమిది. ప్రతి వాల్వునూ మూసి పట్టుకునేది ఒక స్ప్రింగు. స్ప్రింగు తల మీద ఒక టోపీ. ఆ టోపీ జారిపోకుండా వాల్వు కాడను చెరొక పక్క నుంచి కరిచి పట్టుకునేవి రెండు ఉక్కు ముక్కలు. శెనక్కాయ గింజను రెండుగా విడదీస్తే వచ్చే బద్దంత ఉంటాయి. బావ వాటిని బద్దలనే అనేవాడు.

"కారంతా ఈ బద్దల మీద ఉండాది, తెలుసునా? ఒక బద్ద జారితే టోపీ లేస్తాది. టోపీ లేస్తే వాల్వు సిలిండర్లోకి పడతాది. కింద నుంచి పిస్టన్ వచ్చి గుద్దుతాది. ఆమీట అది ఇంజను కాదు, గుజిరీ, పాత ఇనుము."

ఇంజను తల విప్పకుండానే స్ప్రింగులు మార్చే ఉపాయం ఆయన షెడ్డులో నేర్చాడు. బట్టల మూటలు కట్టే నూలుతాడు అంగట్లోంచి తెప్పించాడు. ప్లగ్గు తీసిన బొక్కలోంచి తాడును మూరలు మూరలుగా సిలిండర్లోకి తోసి, ముందరి హ్యాండిలు మెల్లగా తిప్పితే పిస్టన్ పైకి వచ్చి ఆ తాడును వాల్వుల కిందికి అదిమేది. ఇక పైన స్ప్రింగు తీసినా వాల్వు కిందికి జారదు. తాడు తోస్తున్నది నేను. "తోక బయటుండల్లప్పా. ఇంజను తాడు మింగిందంటే మీ నాయన నన్ను మింగుతాడు" అనేవాడు. పాత సైకిలు ఫోర్కుతో చేసిన ఒక చీలిక కర్రు ఉండేది. దాన్ని స్ప్రింగు మీద వేసి నేను ఒత్తితే ఆయన వేళ్లతో బద్దలు తీసేవాడు. కొత్త స్ప్రింగు పెట్టాక, బద్దలకు గ్రీజు పూసి కాడకు అతికించి, "వదులు, మెల్లగా" అనేవాడు. ఆ మెల్లగా అనడం ఇంకా నా చెవిలో ఉంది. అక్క పాత చీరగుడ్డలు తెచ్చి ఇచ్చేది. అమ్మ రెండుసార్లు బయటికి వచ్చి, బట్టలుతికే బండ మీద గ్రీజు చూసి లోపలికి పోయింది. అంత మంచి పగలు నా బతుకులో మళ్లీ రాలేదు.

పొద్దు వాలేసరికి ఆరు వాల్వులయ్యాయి. నాలుగో సిలిండరువి రెండు విప్పినవి విప్పినట్టే మిగిలాయి. నాయన అంగడి నుంచి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"చాలు. రేపు ఆయుధపూజ. పనిముట్లన్నీ కడిగి నడవలో పెట్టండి. దశమి పూజ లేచేదాకా ఎవురూ ముట్టగూడదు."

మా ఇంట్లో అది కట్టు. నవమినాడు కత్తెర, గజం కడ్డీ, కుట్టుమిషను, కత్తిపీట, అన్నీ దేవుని ముందరికి వచ్చి పసుపు కుంకుమలు పెట్టించుకొని సెలవు తీసుకుంటాయి. బావ స్పానర్లు తుడిచి వరసగా పేర్చాడు. మిగిలిన రెండు స్ప్రింగులూ రెండు టోపీలూ నాలుగు బద్దలూ ఇత్తడి పళ్లెంలో పెట్టి నా చేతికిచ్చాడు.

"స్పానర్లు పెట్టండి, హ్యాండిలు పెట్టండి, నన్ను గూడా బొట్టుపెట్టి కూచోబెట్టండి. ఈ పళ్లెం మాత్రం పూజకు పోగూడదు. నీ పెట్టెలో పెట్టి బీగం వెయ్."

వేశాను. మరునాడు పూజ వేళకు అమ్మ నా దగ్గరికి వచ్చింది. బావ కారు చక్రాల కిందికి నిమ్మకాయలు సర్దుతూ బయట ఉన్నాడు.

"కారువన్నీ వచ్చినాయా?"

నేను పెట్టె వైపు చూశాను.

"విప్పినదాన్ని అమ్మవారికి చూపకుండా దాచితే మంచిది కాదప్పా. మీ అక్క ఆ బండ్లోనే గదా కొండ ఎక్కేది."

పెట్టె తెరిచి పళ్లెం ఇచ్చాను. అమ్మ ఒక్కొక్క స్ప్రింగుకూ బొట్టు పెట్టింది. పళ్లెం నిండా సేవంతిపూలు పోసింది. కొత్త ఉక్కు పసుపుపూల మధ్య మెరుస్తుంటే బాగుందనే అనుకున్నాను. బావ లోపలికి వచ్చేసరికి పూల కింద ఏముందో కనబడలేదు.

దశమి తెల్లవారుజామునే అమ్మ పూజ కదిపి, పూలన్నీ ఎత్తి పెరటి బావిలో వేసింది. పారేనీళ్లు దగ్గర లేని మాకు అదే అలవాటు. నేను లేచి పళ్లెం చూసుకున్నాను. స్ప్రింగులు రెండు. టోపీలు రెండు. బద్దలు మూడు.

నడవంతా వెతికాను. పీటలు ఎత్తి చూశాను. చాపలు దులిపాను. బావిలోకి వంగి చూస్తే నీళ్ల మీద సేవంతి రెక్కలు తేలుతున్నాయి.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. బావ తిట్టే మనిషి కాదు. కంట్రాక్టరుకు మనిషిని పంపి వారం రోజులు గడువు అడిగేవాడేమో. ఆయన ఇచ్చేవాడేమో. నేనెందుకు చెప్పలేదో ఈ పదిహేనేళ్లలో చాలాసార్లు వెతికాను. పెద్ద కారణమేదీ దొరకలేదు. బీగం వెయ్ అని నమ్మి ఇచ్చినవాడి ముందు తెలివితక్కువవాణ్ణి కావడం ఇష్టం లేకపోయింది. అంతే.

పాత ఇనుము అమ్మే సాయిబు అంగడికి పోయాను. ఆయన రేకుడబ్బా కింద గుమ్మరించి, గెలికి, ఒక జత తీశాడు.

"ఏ తో లారీకా హై, లారీది. నీ బండికి కొంచెం ఢీలా అయితాది."

"ఒకటే చాలు."

"ఒకటేందప్పా? జోడీ తీసుకో. జోడీ మారితే పట్టు ఉండదు."

నాకు తెలియక కాదు. జత మార్చితే రెండు పాత బద్దలు బావ కంట పడతాయి. ఒకటైతే గ్రీజులో కలిసిపోతుంది. అట్లా లెక్క వేసుకొని ఒకటే తీసుకున్నాను. ఇంటికి రాకముందే, అంగడి వెనక కూర్చొని, ఆకురాయితో అరగదీసి సరిపెట్టాను.

వచ్చేసరికి బావ చొక్కా చేతులు పైకి మడుచుకొని కారు దగ్గర సిద్ధంగా ఉన్నాడు. వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"నాలుగూ ఉండాయా?"

"ఉండాయి."

నేను ఆడినది ఆ ఒక్క మాటే. తర్వాత చేసిందంతా దాన్ని కాపాడుకోవడానికి చేసింది. ఏడో వాల్వుకు మంచి జత ఏరి ఆయన చేతికిచ్చాను. ఆఖరిది ఆయన చేతికి పోకూడదు. "ఇది నేను పెడతా బావా" అన్నాను.

ఆయన తల తిప్పి నా వైపు చూశాడు. ఆ ముఖంలో ఎంత సంతోషం వచ్చిందో రాయడం నాకు కష్టం. "ఓయబ్బా, బట్టల శెట్టి కొడుకు చేతికి ఇప్పుడంటిందా గ్రీజు" అని, ఫోర్కు తాను తీసుకొని ఒత్తి పట్టాడు. నేను గ్రీజు ఎక్కువగానే పూశాను. మంచి బద్ద ఒక పక్క, నా బద్ద ఒక పక్క.

"కూచున్నాయా?"

"కూచున్నాయి. వదులు, మెల్లగా."

ఆయన మాట ఆయనకే చెప్పాను. నవ్వాడు.

తాడు లాగి, ప్లగ్గులు బిగించి, ఒక్కొక్క వాల్వు పైన పోస్టుకార్డు మందం సందు చూసుకొని, హ్యాండిలు తిప్పాడు. రెండో తిప్పుకు ఇంజను అందుకుంది. బావ నడవలోకి పోయి, బొట్లు ఆరని గజం కడ్డీ తెచ్చి, ఒక కొస ఇంజను మీద, ఒక కొస చెవికి ఆనించుకొని కళ్లు మూసుకున్నాడు. తర్వాత అక్కను పిలిచాడు. అక్క కొంగు తల మీదికి లాక్కొని, వంగి, కడ్డీకి చెవి పెట్టింది.

"ఏం వినబడతాండాది?"

"కుట్టుమిషను మాదిరి ఉండాది."

"అదే. అదే వినబడల్ల" అన్నాడు. నాయన అరుగు మీద నుంచి "గజం కడ్డీ లక్ష్మిరా" అన్నాడు గానీ గొంతులో కోపం లేదు. ఆ పావుగంట మా ఇంట్లో అందరమూ ఒకే మాట మీద ఉన్నాము.

మరునాడు బయలుదేరాం. నాయన ముందు సీట్లో, అక్కా నేనూ వెనక. అక్క ఒళ్లో ఇత్తడి బిందె. నల్లరేగడి చేలు దాటి, దారి ఎర్రబడి, కొండలు దగ్గరికి వచ్చాయి. నేను ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ వినలేదు. ఎక్కుడు మొదలైంది. మొదటి మలుపు ఎక్కింది. రెండోది ఎక్కింది. బావ వెనక్కి తిరిగి అక్కను చూశాడు. మూడో మలుపు సగంలో రేకుడబ్బాలో రాయి పడ్డట్టు ఒక చప్పుడు. ఆ వెంటనే ఇంకొకటి, లోపల ఏదో విరిగిన చప్పుడు. బండి ఆగిపోయింది.

చక్రాలకు రాళ్లు పెట్టి, బావ ఇంజను మీది మూత తీశాడు. ఎనిమిదో స్ప్రింగు ఒక పక్కకు ఒరిగి ఉంది. టోపీ లేచిపోయింది. ఆయన అక్కడ వేలు పెట్టి, కొంచెంసేపు ఉంచి, నా వైపు చూశాడు. ఒక్క క్షణమే. ఎనిమిదోది ఎవరు పెట్టారో మా ఇద్దరికే తెలుసు.

"ఎవురి పని ఇది?" అన్నాడు నాయన.

"నాదే మామా. ఆఖరిది సరిగ్గా కూచోబెట్టలేదు. నా చేతి తప్పే."

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నా చెయ్యి వణికి సరిగ్గా కూచోలేదని ఆయన అనుకున్నాడు. నేర్పినవాడు తాను కాబట్టి తప్పు తనదనుకున్నాడు. ఆయన కాచింది నా చేతి తప్పును. నా నోటి తప్పు సంగతి ఆయనకు తెలీదు.

కంట్రాక్టరు పైనుంచి లారీ తీసుకొని వచ్చాడు. "హోగలి బిడప్పా, పోనీలే, ఇంజను అంటే ఇట్లే" అని మర్యాదగానే అన్నాడు. బీగంచెవి మాట ఎత్తలేదు. లారీకి మోకు కట్టి మమ్మల్ని దిగువకు లాక్కొచ్చారు. దారిలో కనబడ్డ మనిషల్లా ఏమైందని అడిగితే నాయన ఒకటే జవాబు చెప్పాడు: "ఏముండాది. అల్లుడు ఇంజను విప్పినాడు." ఇంటికి చేరేసరికి అది సామెత అయింది.

ఒక్కసారి విప్పి చూస్తానని బావ నాయన్ను అడిగాడు. విప్పి ఉంటే ఆకురాయి గీతలు చూసి నిమిషంలో తెలుసుకునేవాడు. నాయన విప్పనియ్యలేదు. కారు గుజిరీకి పోయింది. ఆ రోజు నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఇది కూడా రాయాలి.

దీపావళి అయ్యాక బావ అక్కను తీసుకొని సిరుగుప్ప వెళ్లిపోయి, తమ వాళ్ల బియ్యం అంగట్లో కూర్చున్నాడు. నేను ఏడాదికోసారి బస్సులో పోయేవాణ్ణి. ఒకసారి తిరిగి వచ్చేటప్పుడు నా బస్సు సరిగ్గా ఆ అంగడి ముందే ఆగిపోయింది. డ్రైవరు మూత ఎత్తి, తల గోక్కుంటున్నాడు. బావ గడప మీద కూర్చొని వింటున్నాడు. బియ్యపు నమూనా పోసుకున్న ఆయన అరచేతిలో వేళ్లు కదులుతున్నాయి, ఏదో బిగిస్తున్నట్టు, వదులుతున్నట్టు. ఏం తెగులో ఆయనకు తెలిసిపోయిందని నాకు తెలిసింది.

"పోయి చెప్పరాదా బావా?"

"వద్దప్పా. నా చెయ్యి మంచిది కాదు."

నాలుగూ లేవు బావా, మూడే ఉన్నాయి. అంతే చెప్పాల్సింది. బస్సు ఇంజను అందుకుంది. నేను ఎక్కాను. ఇంకో రెండేళ్లకు ఆయన పోయాడు.

పోయిన ఎండలకు పెరటి బావి ఎండితే పూడిక తీయించాం. ఆ బురదను జల్లెడ పట్టించాను. గంగాళం చెవి, గజ్జె, పూజ గంట నాలుక దొరికాయి. బద్ద దొరకలేదు. దొరికినా తుప్పే అయి ఉంటుంది.

తర్వాత సిరుగుప్పకు పోయి అక్కతో చెప్పాను. అక్క బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట ఆగలేదు. మొత్తం విన్నాక అంది: "కొండ దిగినాక ఆయప్ప ఒక్క స్క్రూ తిప్పలేదు. తలుపు బందు ఊడినా వడ్లాయన్ను పిలిపించేవాడు." ఒక రాయి ఏరి పారేసి, "నాకు చెప్పి బరువు దించుకుంటే ఎట్లప్పా? యాడ నవ్వినారో ఆడ చెప్పు" అంది.

అందుకే ఇదంతా రాశాను. మీటర్లు వచ్చాక అటక మీదికి పోయిన గజం కడ్డీ దింపి, తుడిచి, ఈసారి ఆయుధపూజలో పెట్టాను. పూజయ్యాక నడవలో అందరినీ కూర్చోబెట్టి ఇక్కడిదాకా రాసింది చదివాను. నాయన లేడు. మిగిలినవాళ్లంతా ఉన్నారు. మా పిల్లవాడు తల వంచుకొని సైకిలు పంపును చూస్తున్నాడు.

ముందుగా మాట్లాడింది అమ్మ. చూపు సన్నగిల్లింది ఆమెకు. నా గొంతు వైపు తిరిగింది.

"బావిలో పూలు వేసింది నేను గదప్పా. అయితే తప్పు నాది."

పదిహేనేళ్ల కిందట ఆ కొండ మీద ఇంకొకరు సరిగ్గా ఇట్లాగే అన్నారు. అప్పుడు నేను ఊరుకున్నాను.

"కాదమ్మా" అన్నాను. "నువ్వు పూలు వేసినావు. నాలుగూ ఉండాయని చెప్పింది నేను."